మూడు జెండాల సిద్దయ్య, ఎర్రగుట్ట కుంట

కర్నాటి సిద్దయ్య బతుకులో మూడు జెండాలు పట్టాడు. మూడింటి గుడ్డనూ తన మగ్గం మీదే నేశాడు కాబట్టి ఏ జెండాలో ఎంత నూలుందో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. పార్టీలు మార్చాడని ఎత్తిపొడిచిన వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు కూడా ఎర్రగుట్ట కుంట నీళ్లే తాగారు. అందుకే ఆ ఎత్తిపొడుపులు ఆయనకు ఎన్నడూ గొంతులో అడ్డం పడలేదు.

ఎర్రగుట్టపల్లె మర్రిగూడ వైపు మెట్ట ఊరు. సగం కాపుల ఇళ్లు, సగం సాలెల ఇళ్లు. బావుల్లో నీళ్లుండేవి గాని అవి తాగిన మనిషి నిండు వయసుకు రాకముందే మోకాళ్లు వంగి, నడుము బిగిసి ముసలివాడయ్యేవాడు. సిద్దయ్య తండ్రి బుచ్చయ్య ఆ తాలూకాలో పేరున్న పనిమంతుడు. మగ్గం గుంటలో కాళ్లు దింపి కూర్చుంటే పొద్దుగూకేదాకా పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె ఆడుతూనే ఉండేది. లేవడమే ఆయన చేత కాకపోయేది. కొడుకు వెనక నుంచి చంకల కింద చేతులు వేసి పైకి లాగి, ఎత్తుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టాలి.

"నన్ను గీ గుంటల్నే పూడ్సుండ్రిరా, మోసే పని తప్పుతది" అని బుచ్చయ్య నవ్వేవాడు. సిద్దయ్యకు నవ్వొచ్చేది కాదు.

మొదటి జెండా నిజాం మీద, దొరల మీద తిరగబడ్డ సంఘానిది. అప్పుడు గడీలో దొర ఉండేవాడు. దొరకు ధోవతులు, దొరసానికి చీరలు, పండుగ వస్తే దాసీలకు రవికె గుడ్డలు, అన్నీ సాలెలు వెట్టిగానే నేసి ఇవ్వాలి. సంఘం ఊళ్లోకి వచ్చిన ఏడాది గడీ మనిషి వచ్చి బట్టల మూట అడిగితే సిద్దయ్య అతనికి ఖాళీ మగ్గం చూపించాడు.

"నూలు తెచ్చుకో, కూలి ఇయ్యి, నేస్తం. గది చేతగాకుంటే మీ దొరను మొల్తాడు మీదనే తిరుగుమను."

ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, తిరిగిన చోటల్లా కొంత పెరిగి, మళ్లీ ఎర్రగుట్టపల్లెకు వచ్చింది. అప్పటికి ఆ ఊరి సాలె ఇళ్లలో వెట్టి బట్ట ఒక్క మూర కూడా నేయడం లేదు. సిద్దయ్య చేసిన మొదటి ఘనకార్యం అది. రజాకార్లు వచ్చి ఆయన మగ్గాన్ని తగలబెట్టారు. ఆయన గుట్టలు పట్టాడు. పోలీసు చర్య జరిగి యూనియన్ సైన్యం దిగాక రజాకార్లు పోయారు, నిజాం రాజ్యం కూలింది. సంఘపోళ్ల మీద వేట మాత్రం ఆగలేదు. గుట్ట దిగి తండ్రిని చూడవచ్చిన సిద్దయ్యను తీసుకుపోయి జైల్లో పెట్టారు.

జైలుకు పోవడం కూడా ఆయనకు కలిసొచ్చిందనే చెప్పాలి. అక్కడ తోటి ఖైదీ ఒక డాక్టరు గారు బుచ్చయ్య సంగతంతా విని, "మీ నాయన కాళ్లు వంచింది వయసు కాదయ్యా, మీ బావి నీళ్లు. నేలలోంచి తోడింది మానేసి వాన నీళ్లు తాగించండి" అన్నాడు. ఊరి పైన ఎర్రగుట్ట కింద ఒక కుంట ఉంది. తాతల కాలంలోనే కట్ట తెగి, గుట్ట మీద పడ్డ వానంతా వాగు పాలవుతోంది. జైల్లో ఉన్నన్నాళ్లూ సిద్దయ్య కళ్లు మూసుకుంటే ఆ కట్టకు మట్టి పోస్తూనే ఉన్నాడు. బయటికి వచ్చేసరికి సంఘం వాళ్లు తుపాకులు దింపాలా, ఉంచాలా అని తగువులాడుకుంటున్నారు. కుంట మాట ఎవరికీ పట్టలేదు. సిద్దయ్య దండం పెట్టి పక్కకు వచ్చేసి, కాలిన చోటే మళ్లీ మగ్గం పెట్టుకున్నాడు.

రెండో జెండా ఆయన చేతికి ఇచ్చింది మేనమామ లక్ష్మీనర్సయ్య. తన కూతురు ఆండాళును ఇచ్చి పెళ్లి చేసిన మామ కూడా ఆయనే. సాలెలనూ చిన్న రైతులనూ కలిపి నేత రైతు పక్షం అని ఒక చిన్న పార్టీ పెట్టాడు. ముక్కుసూటి మనిషి. ఎన్నికలకు అల్లుణ్ణి నిలబెడుతూ ఊరి నడుమ బొడ్రాయి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ ఊళ్లో పెద్ద మాట ఏదైనా అక్కడే అనాలి. ఆడవాళ్లు పసుపు కలిపి వేపరెమ్మ వేసిన బిందెడు నీళ్లు బొడ్రాయి మీద ధారగా పోస్తారు. సాక పోయడం అంటారు. ఆ ధార కింద చేయి పెట్టి అన్న మాట తప్పకూడదు.

"గెలిచినంక గీ జెండ ఇడ్వనని చెప్పు" అన్నాడు మామ.

"ఇడ్వ. మంచినీళ్లు తెచ్చేదాక నిద్రపోను" అన్నాడు సిద్దయ్య. నీళ్లు చేతి మీద చల్లగా పడ్డాయి.

ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు బొమ్మ అంటించి ఉంటుంది. సిద్దయ్యది నాడె గుర్తు. సాలె ఇళ్లలో చూపిస్తే మొక్కేవారు. కాపు ఇళ్లలో మాత్రం వేరే కథ నడిచింది. భీమయ్య అనే పెద్ద రైతు కాగితం మీద రెండు కొనలూ మొనదేలిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, ఎటు చూసినా చేపలాగే ఉంది.

"సాప గుర్తా? మంచిగున్నది. మా ఇంటోళ్లందరం సాపకే ఏస్తం."

"సాప కాదు కాక, నాడె. మగ్గం మీద ఉర్కుతది సూడు, గది."

"నీళ్లు తెస్తనంటివి. నీళ్లల్ల ఉండేది సాపనా, నాడెనా?"

సిద్దయ్య కాగితాన్ని ఆయన చేతిలోనే వదిలేశాడు. "సాపనే అనుకో కాక. చీటి పెట్టెల పడితే సాలు" అన్నాడు. కాపు ఓట్లన్నీ చేపకు, సాలె ఓట్లన్నీ నాడెకు పడి, రెండూ ఒకే పెట్టెలో చేరి సిద్దయ్య గెలిచాడు. ఊరి బడిలో రెండో పుస్తకం దాటని సాలె బిడ్డ హైదరాబాదు శాసనసభలో కూర్చున్నాడు.

ఆయన పార్టీకి సభలో మొత్తం ఇద్దరే సభ్యులు. పార్టీ సమావేశం పెట్టుకోవాలంటే రిక్షా ఎక్కితే సరిపోయేది. అయినా సిద్దయ్య ఊరికే కూర్చోలేదు. సాలెలకు నూలు దుకాణం పెట్టించాడు. ఊళ్లో బడికి రెండో పంతులును వేయించాడు. వాగు మీద బండ్లు దాటే దారి వేయించాడు. ఉర్దూలో మాట్లాడే పెద్దలందరి నడుమ లేచి తెలుగులో మాట్లాడాడు. అందరూ బల్లలు చరిచారు. కుంట మాట ఎత్తినప్పుడల్లా మాత్రం "చూద్దాం" అనే జవాబు వచ్చేది.

చివరికి ఒకనాడు మంత్రి గారి మనిషి సభ బయట టీ తాగిస్తూ విషయం బయటపెట్టాడు.

"సిద్దయ్య గారూ, మీ కుంట మంచి పనే. కానీ మా పక్కన కూర్చునే వాళ్ల కుంటలే బోలెడున్నాయి. మీరెక్కడో మూలన కూర్చున్నారు. మా మంత్రి గారికి మీరు కనపడేదెట్లా?"

"జరిగి కూసుంటే కనవడ్తనా?"

"ఈ వానాకాలం కంటే ముందే."

సిద్దయ్య టీ సగంలో వదిలేసి బస్సెక్కాడు. దొంగచాటుగా జెండా మార్చే మనిషి కాదాయన. నేరుగా బొడ్రాయి దగ్గరికి పోయి ఊరందరినీ పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లక్ష్మీనర్సయ్య ముఖం నల్లబడింది.

"సాక పోసి అన్న మాట. చెయ్యి తడి ఆరకముందే అమ్ముకుంటవా అల్లుడా?"

"అమ్ముకుంటలేను మామ. అడుగుతున్న. ఊరు వద్దంటే మూలకే కూసుంట."

 అప్పుడు ముసలి కృష్ణమ్మ కర్ర ఊతంగా ముందుకు వచ్చింది. నడుము వంగిపోయి ఆమె చూపు ఎప్పుడూ నేల మీదే ఉండేది. మనుషులను కాళ్లను బట్టి గుర్తుపట్టేది.

"లచ్చినర్సా, ఆనాడు సాక పోసిందెవలు?"

"మీరే గదా అవ్వ."

"మేమే. మా ఆడోళ్లం. బిందె మాది, నీళ్లు మావి. వాడు రెండు మాటలన్నడు. జెండ ఇడ్వనన్నడు, నీళ్లు తెస్తనన్నడు. రెండూ నిలవెట్టుడు చేతగాకుంటే ఏది నిలవెట్టాలె? నీ జెండను వొండుకొని తాగుతమా?"

జనం గొల్లుమన్నారు. ఆండాళు తండ్రి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. ఇంట్లోకి పోయి బిందె తెచ్చింది. ఆడవాళ్లు బొడ్రాయి మీద మళ్లీ సాక పోశారు. "జెండ మాట దిగింది. నీళ్ల మాట నీ నెత్తి మీదనే ఉన్నది బిడ్డా" అంది కృష్ణమ్మ.

లక్ష్మీనర్సయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి కూతురి గడప తొక్కలేదు. సిద్దయ్యకు ఆ ఒక్కటే బాధ. తుపాకులకు, జైలుకు జంకని మనిషి, మామ ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు.

మూడో జెండా మంత్రి గారి పార్టీది. అది పట్టాక పని నడిచింది. మేస్త్రీలు వచ్చారు, కట్ట లేచింది. ఊళ్లో మనిషికొక తట్ట చొప్పున అందరూ మట్టి మోశారు. వానలు పడ్డాయి. గుట్ట మీది నీళ్లన్నీ వచ్చి కుంటలో కూర్చున్నాయి. వంగిన కాళ్లు మళ్లీ నిటారుగా కాలేదు, అబద్ధం చెప్పకూడదు. బుచ్చయ్యను గుంటలోంచి లేపడం సిద్దయ్యకు చివరిదాకా తప్పలేదు. కానీ ఆ తరువాత ఎర్రగుట్టపల్లెలో పుట్టిన పిల్లలు తాటిచెట్లలా నిలువుగా పెరిగారు.

కుంట నిండిన వారం కట్ట మీద మైసమ్మకు బోనాలు తీశారు. సాలెలు అమ్మవారికి కొత్త చీర నేశారు. ఊరందరికీ బంతి భోజనాలు. గంగాళాల్లో కందిపప్పు, కుంట నీళ్లే పోసి, కోడి కూసే వేళకే పొయ్యి మీద పెట్టారు. బావి నీళ్లలో కందిపప్పు అంత సులువుగా మెత్తబడదు. పెందలాడే ఎసట్లో వేసి, ఎనిపి, తిట్టి, మళ్లీ మంట పెడితే పొద్దెక్కాక పలుకు విరిగేది. ఆ అలవాటు కొద్దీ ఆడవాళ్లు మంట పెట్టి బోనాలు చేసుకోవడానికి పోయారు. తిరిగివచ్చి మూత తీస్తే గంగాళంలో పప్పు లేదు. పసుపు రంగు నీళ్లున్నాయి.

"అయ్యో, పప్పేదే?" అని వంట చూస్తున్న శ్యామలమ్మ గరిటె అడుగుదాకా దింపి వెతికింది. "ఎవ్వలన్న ఎత్తుకపోయిన్రా ఏంది?"

ఇక చేసేదేముంది, అలాగే వడ్డించారు. సిద్దయ్య తనే గరిటె పట్టుకుని బంతి పొడుగునా పోస్తూ వచ్చాడు. బంతి చివర లక్ష్మీనర్సయ్య కూర్చుని ఉన్నాడు. మైసమ్మ బంతికి రానివాడు ఊళ్లో ఉండడు కాబట్టి వచ్చాడు. సిద్దయ్య చేయి ఆగింది.

మామ విస్తరి వైపే చూస్తూ, "పార్టీ మార్చినవు. పప్పును గూడ మార్చినవా?" అన్నాడు.

"పప్పే బాపూ" అంది వెనక నుంచి ఆండాళు. "కుంట నీళ్లల్ల పెట్టినం. ఎప్పుడు ఉడికిందో మాకే తెల్వదు."

లక్ష్మీనర్సయ్య అన్నంలో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పలుకు తగల్లేదు. ఇంకో ముద్ద తిన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తినడం మానేసి ఆయన దవడ వైపే చూస్తున్నారు.

"జెండ సంగతి నేను మర్వ" అన్నాడు.

"మర్వకు మామ."

"మర్వ. రేపు ఇంటికొచ్చి మల్ల తిడ్త." లక్ష్మీనర్సయ్య విస్తరి ముందుకు జరిపాడు. "ఇంక రెండు గంటెలు పొయ్యి. అన్నం కూడ తెమ్మను."