నడిమి కుర్చీ

చావులో కూడా వరసలున్నాయి. మొదటి వరసవాళ్ళు పోతే పత్రికలో ఎడిటరు గారే స్వయంగా కలం పట్టి మొదటి పేజీ నిండా కంటతడి పెడతారు. ఎవరికీ తెలియనివాళ్ళు పోతే చుట్టాలే వచ్చి లోపలి పేజీలో చిన్న ఫొటో వేయించుకుంటారు. ఈ రెంటికీ నడుమ ఇంకో వరస ఉంది. ఒకే ఒక్క సినిమాలో హీరోగా వేసి మళ్ళీ కనబడని మనిషి, పాతికేళ్ళ కిందట సబ్బు ప్రకటనలో నవ్విన అమ్మాయి, రేడియోలో వాతావరణం చదివినాయన, పెద్ద మ్యాచిలో తప్పు విజిలు వేసి చిరస్థాయిగా నిలిచిన రిఫరీ. వీళ్ళు పోయారని చదివితే జనం "అయ్యో" అనరు, "ఇన్నాళ్ళూ ఉన్నాడా?" అంటారు. ఈ రెండో వరస యావత్తూ ఇరవై రెండేళ్ళుగా ఒకే ఉద్యోగి చేతిలో ఉంది. ఆఫీసులో ఆయన్ని ముందుచూపు గారంటారు.

వాళ్ళు పోకముందే వాళ్ళ గురించి రాసి సిద్ధంగా ఉంచడం ఆయన పని. నూట నలభై మందికి నూట నలభై కార్డులు. పుట్టింది ఎక్కడో, వెలిగింది ఎప్పుడో, ఎన్నాళ్ళు వెలిగారో అన్నీ ఉంటాయి. పోయిన తేదీ దగ్గర మాత్రం ఖాళీ. పై మూలన పెన్సిలుతో ఒక నెల పేరు ఉంటుంది. అది ఆయన అంచనా.

ఆ అంచనాకు జాతకాలతోనూ డాక్టర్లతోనూ పని లేదు. ఆయన శాస్త్రమంతా గ్రూపు ఫొటోల్లో ఉంది. సన్మానాలవీ వార్షికోత్సవాలవీ ఆఫీసుకు వస్తూనే ఉంటాయి. మనిషి మొదట వెనకాల నిలబడతాడు. కొన్నేళ్ళకు ముందు వరసలో చివరి కుర్చీ దక్కుతుంది. అక్కణ్నుంచి ఏడాదికో కుర్చీ చొప్పున లోపలికి జరుగుతాడు. నడిమి కుర్చీకి చేరి, వెనకున్నవాళ్ళెవరో భుజం మీద చెయ్యి వేశారంటే ఆరు నెలలు. మహా అయితే ఎనిమిది. పదింట ఏడుసార్లు గురి తప్పలేదు.

ప్రూఫ్‌రీడరుది ఇందుకు విరుద్ధమైన మతం. కార్డు రాసి పెట్టినవాళ్ళు పోరనీ, రాయనివాళ్ళే చెప్పాపెట్టకుండా పోతారనీ ఆయన వాదం. రిఫరీనే సాక్ష్యం చూపించేవాడు. కార్డు రాసి పన్నెండేళ్ళయింది, మొన్ననే నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చి, తను వేసిన విజిలు సరైనదేనని మరోసారి వాదించి వెళ్ళాడు.

ఏటా పుట్టినరోజు శుభాకాంక్షల వంకతో ముందుచూపు గారు అందరికీ ఫోన్ చేసి వివరాలు సరిచూసుకునేవారు. ఆ శుభాకాంక్షల అసలు అర్థం వాళ్ళకు తెలియకపోలేదు. వాతావరణం చదివినాయన ప్రతిసారీ, "ఉన్నాను నాయనా, ఆకాశం నిర్మలంగానే ఉంది," అని పెట్టేసేవాడు.

ఇలా పరాయివాళ్ళ ఆయుష్షుతో ఆయన హాయిగా కాలక్షేపం చేస్తుండగా, ఒక మంగళవారం రైల్వే విశ్రాంత ఉద్యోగుల గ్రూపు ఫొటో వచ్చింది. నడిమి కుర్చీలో ఆయన అక్క ఉంది. భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది.

అక్క కూడా రెండో వరస మనిషే. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు ఆవిడది. రిటైరై తొమ్మిదేళ్ళయినా రికార్డింగు ఇంకా మోగుతూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడికి ఒక్కసారి కూడా క్షమాపణ చెప్పి ఎరగని ఆవిడ, ఊరు మొత్తానికీ రోజుకు ముప్ఫైసార్లు "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని చెబుతుంది. ఇన్నేళ్ళూ ఆయన ఆవిడకు కార్డు రాయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా తనను తాను ప్రశ్నించుకోలేదు.

కొత్తగా వచ్చిన ఎడిటరుకు ఈ చుట్టరికం తెలియదు. ఫొటో చూసి, ఈవిడ కార్డు ఉందా అని అడిగాడు. లేదంటే, శనివారానికల్లా కావాలన్నాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ ముందుచూపు గారి నోరు "సరేనండీ" అనేసింది.

ఆ రోజునుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. రాస్తే పెన్సిలుతో నెల వెయ్యాలి. రాయకపోతే ప్రూఫ్‌రీడరు సిద్ధాంతం కాచుకుని ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికెళ్ళే రైలు కోసం నిలబడితే పైనుంచి అక్క గొంతు వినబడింది. కాస్త బొంగురుపోయినట్టు తోచింది. రికార్డింగుకు జలుబు చెయ్యదని తెలిసి కూడా రెండు రైళ్ళు వదిలేసి నిలబడి విన్నారు.

నూట నలభై మంది పరాయివాళ్ళను ఆరోగ్యం అడిగిన మనిషికి, రెండు వీధుల అవతలున్న సొంత అక్కను అడగడానికి శుక్రవారం దాకా కాళ్ళు రాలేదు. వెళ్ళేసరికి ఆవిడ ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఊరికే ఇటొచ్చానని చెప్పి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఉద్యోగంలో చేరింది ఏ సంవత్సరమని అడిగారు.

ఆవిడ చేతిలోని దుప్పటి మడత పూర్తిచేసింది.

"ఏ నెల వేశావురా నాకు?"

"వెయ్యలేదక్కా. కార్డే తియ్యలేదు."

"మరి ఈ ఆరాలెందుకు? ఫొటో చూశావా?"

చూశానని ఒప్పుకోక తప్పలేదు. తన చివరి కుర్చీ మీద ఎండ పడుతుంటే నీడలో ఖాళీగా ఉన్న కుర్చీలోకి జరిగిందట. ఆ చెయ్యి వేసింది టికెట్ల సెక్షను మనిషట. అలా చెయ్యి ఆనించకపోతే ఆ మనిషే పడిపోయేలా ఉందట. అది విని ముందుచూపు గారికి ప్రాణం లేచొచ్చింది. తన శాస్త్రం అబద్ధమైనందుకు ఇంత సంతోషిస్తానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. నవ్వేశారు కూడా. అక్క నవ్వలేదు. అప్పుడు తెలిసింది ఆయనకు, ఇంతసేపూ ఆవిడ మాట గరగరగా, ఒక్కో ముక్కా పైకి లాగుతున్నట్టు వస్తోందని.

"గొంతేమిటక్కా అలా ఉంది?"

"లోపల చిన్న గడ్డ. రెండు నెలలైంది. ముక్క తీసి పరీక్షకి పంపారు, సోమవారం చెబుతారు."

"రెండు నెలలా? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే రాసేస్తావని."

ఆవిడ ఎత్తిపొడవలేదు, ఉన్న మాట చెప్పింది.  ఆయన ఆవిడ చేతిలోని తువ్వాలు ఇటివ్వమని తీసుకుని వంకరగా మడిచారు. ఆవిడ దాన్ని విప్పి మళ్ళీ మడిచింది.

శనివారం ఆయన ఎడిటరు దగ్గరికెళ్ళి, ఆవిడ తన అక్క అనీ, ఈ కార్డు తాను రాయననీ, ఇంకెవరితోనూ రాయించవద్దనీ చెప్పారు. ఎడిటరు తెలియక అడిగానని నొచ్చుకుని, సోమవారం సెలవు కూడా ఇచ్చాడు. ప్రూఫ్‌రీడరు మాత్రం బయటిదాకా వెంటపడ్డాడు. పంతాలకు పోవద్దన్నాడు, నాలుగు ముక్కలైనా గీకి పడెయ్యమన్నాడు, తనమీద నమ్మకం లేకపోతే రిఫరీ ముఖం చూసైనా రాయమన్నాడు. ఆ రెండు రోజుల్లో ముందుచూపు గారి చెయ్యి మూడుసార్లు కార్డు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

సోమవారం ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టును తీరుబడిగా చదివాడు, ఇంకెవరి గురించో చదువుతున్నట్టు. ప్రమాదకరమైన గడ్డ కాదన్నాడు. తీసేస్తే సరిపోతుందనీ, కానీ మళ్ళీ రాదని మాట ఇవ్వలేననీ, రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి చూపించుకుని తీరాలనీ అన్నాడు. ప్రమాదం కాదు కదా అని ముందుచూపు గారు నాలుగుసార్లు అడిగారు. మూడుసార్లు కాదన్న డాక్టరు నాలుగోసారి అక్క వైపు చూసి, "ఈయనకు బీపీ ఉందా?" అని అడిగాడు.

బయటికొచ్చాక అక్క, "మూడు నెలలకోసారి నువ్వే తీసుకురా. ఆఫీసని వంకలు పెట్టకు," అంది. ఆయన తలూపారు.

మెట్లు దిగుతూ ఆవిడ ఒకసారి దగ్గింది. ఆయన మెట్టు మీదే ఆగిపోయారు.

"దుమ్మురా. దిగు," అంది అక్క.