సదయ్య సర్దార్ బిల్లలు

సదయ్య బొగ్గుబాయి పని మానేసి మూడేళ్లయింది. బాయి మాత్రం ఆయన్ని వదలలేదు. గోదావరిఖనిలో ముప్పై నాలుగేళ్లు భూమి కింద బొగ్గు పని చేశాడు, అందులో పందొమ్మిదేళ్లు సర్దార్. కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడును బట్టి మనుషుల్ని కింద నిలబెట్టాలో వద్దో చెప్పేవాడు. బాయి దిగేటప్పుడు ప్రతి మనిషీ నంబరున్న బిల్ల తీసుకోవాలి, పైకి ఎక్కాక తిరిగి ఇచ్చేయాలి. ఆఖరి బిల్ల చేరేదాకా సదయ్య ఇంటిమొహం చూసేవాడు కాదు. ఆయన షిఫ్టులో ఒక్క మనిషీ లెక్క తప్పలేదు. రిటైరయ్యాక లెక్కపెట్టుకోవడానికి మనుషులే లేకుండా పోయారు. అదొక్కటే ఆయన బాధ.

అందుకే కాలనీవాళ్లు పదకొండు మంది పాత మట్టి గుట్ట చుట్టూ తెల్లారుజామున నడక మొదలుపెడితే, పిలవకముందే చేరాడు. ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విన మట్టి పోసి పోసి పెరిగిన గుట్ట అది. చుట్టూ తిరిగితే ఐదు కిలోమీటర్లు, బయల్దేరిన తుమ్మచెట్టు దగ్గరికే మళ్లీ వస్తారు. అవతలి వైపు చెట్టు లేదు, చుక్క నీళ్లు లేవు, ఉత్త ఎడారి. ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిది దాటిందంటే అక్కడి రాయి మీద చెయ్యి ఆనదు.

మొదటి వారంలోనే సదయ్య నూనె డబ్బా రేకు గుండ్రంగా కత్తిరించి, మేకుతో అంకెలు కొట్టి, పదకొండు బిల్లలు తయారుచేశాడు. మేకులు దిగ్గొట్టిన పలక ఒకటి తుమ్మచెట్టుకు కట్టాడు. బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరూ ఒక బిల్ల తీసుకోవాలి, తిరిగొచ్చాక మేకుకు తగిలించాలి.

"సర్దార్ సాబ్, గుట్ట తిరుగుడుకు గూడ బిల్లలేంది?" అని నవ్వాడు జగదీశ్వర్. ఆయన బొగ్గు కంపెనీలోనే ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు.

"ఎండ గూడ పైకప్పే. ఎప్పుడు మీద పడ్తదో తెల్వది. పట్టు."

సదయ్య అందరికన్నా వెనక నడిచేవాడు. తిరిగొచ్చి, పలక ఒకటికి రెండుసార్లు చూసి, బాయిలో అన్నట్టే "అందరు ఎక్కిన్లు" అనేవాడు. అప్పుడే అందరూ కదలాలి. నవ్వుకుంటూనే అలవాటుపడ్డారు.

ఆ శుక్రవారం గుట్ట అవతల, వదులు రాళ్ల మీద ఆయన కాలు జారింది. చీలమండ బెణికింది, లేవబోతే కాలు నిలవలేదు. ముందువాళ్లు అప్పటికే మలుపు తిరిగిపోయారు. కేక వేశాడు, ఎవరికీ అందలేదు. ఫోను ఇంట్లో ఉంది. బాయిలోకి అగ్గిపెట్టె, ఫోను తీసుకుపోని మనిషి గుట్టకు మాత్రం ఎందుకు తెస్తాడు?

అయినా ఫికర్ పడలేదు. పలక చూస్తారు, వస్తారు అనుకున్నాడు. అంతలోనే గుర్తొచ్చింది. పలక మీద పదకొండు బిల్లలూ ఉంటాయి. పన్నెండో మనిషి తను. ఇంతమందికి బిల్లలు కొట్టినవాడు తనకొకటి చేసుకోలేదు. తన లెక్క ప్రకారం అందరూ క్షేమంగా ఇళ్లకు చేరిపోయారు.

ఎండ గుట్ట మీది నుంచి దిగొచ్చి ముఖాన పడింది. కండువా తలకు చుట్టుకున్నాడు. నాలుక పిడచగట్టింది. బాయిలో ఎన్నడూ పడనంత భయం పడ్డాడు.

చాలాసేపటికి ఎదురుదారిన ఒక మనిషి వస్తూ కనిపించింది. అనసూర్య. ఆమె భర్త ఇప్పటికీ బాయిలో పనిచేస్తున్నాడు. నడకలో అందరికన్నా మెల్లగా నడుస్తుందని సదయ్య రోజూ విసుక్కునేది ఆమెనే. ఉప్పేసిన మజ్జిగ సీసా ఆయన నోటికి అందించింది.

"పలక నిండింది గద బిడ్డా. నీకెట్ల తెల్సింది?"

"పలక నిండిందని, ఎండ ముదురుతాందని అందరు పోయిన్లు. నువ్వు 'అందరు ఎక్కిన్లు' అనలే గద, కాకా. నువ్వు అనంది నేనెట్ల పోత?"

సదయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఫోను చేస్తే జగదీశ్వర్ బండి మీద వచ్చాడు. దారి పొడుగునా ఒక్క పరాచికమూ ఆడలేదు.

మూడు వారాలకు కాలు కుదుటపడి సదయ్య తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి, పలక మీద ఇంకో మేకు ఉంది. దానికి పన్నెండో బిల్ల. కొట్టింది అనసూర్య.

"అంకె వంకర కొట్టినవ్" అన్నాడు. బిల్లను జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

ఎప్పటిలాగే వెనక నడిచాడు. ఆఖర్న వచ్చి బిల్ల తగిలించాడు. ఆ మాట అనబోతుంటే అనసూర్య ముందుకొచ్చి, పన్నెండింటినీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"అందరు ఎక్కిన్లు" అంది. సదయ్య ఇంటికి బయల్దేరాడు.