బిదా కేక

పారో లోయలో బిదా నోటికి జడవని విలుకాడు లేడు. కొత్త సంవత్సరం పందేల్లో అవతలి ఊరివాడు విల్లెక్కుపెట్టగానే ఇవతలి ఊరి ఆడవాళ్లంతా గేలిచేసి వాడి గురి తప్పించాలి. ఆ పనిలో పెళ్లికాని రోజులనుంచీ మా ఊళ్లో ఆమెదే పైచేయి.

ఈ ఏడు కూతురు యాంగ్దెన్ అడ్డం పడింది. ముసలితనంలో జపమాల తిప్పుతూ స్తూపం చుట్టూ తిరగాలి గానీ మగాళ్ల మీద ఈ కేకలేమిటి? పైగా ఈసారి అవతలి జట్టులో ఉన్నది యాంగ్దెన్ మొగుడు, ఈ ఇంటి ఇల్లరికపుటల్లుడు రింజిన్. పుట్టినూరి తరఫున ఆడుతున్నాడు.

"కోరికలన్నీ వదిలేస్తేనే సుఖమని లామా గారు చెప్పలేదా?" అంది యాంగ్దెన్, తల్లి పండగబట్టలు పెట్టెలో పెట్టి తాళం వేస్తూ.

"చెప్పారు. పాపం, ఆయనకి అరవడం రాదుగా."

అలా అన్నా, కూతురి మాట కొట్టేయలేక బిదా మాల పట్టుకుని స్తూపం దారి పట్టింది. రెండు చుట్లు తిరిగేసరికి మైదానం నుంచి పాట వినిపించింది. తమ బాణం గురిపలకకి తగిలినప్పుడు అవతలి జట్టు పాడే పాట. కాసేపటికి మళ్లీ అదే పాట. తమ ఊరి ఆడవాళ్ల గొంతు మాత్రం పెగలడం లేదు. బిదాకి ఒళ్లు మండిపోయింది. ఇంత మంట కడుపులో పెట్టుకుని తిరిగితే ఏం పుణ్యం వస్తుంది? మాల మణికట్టుకి చుట్టుకుని, ఆ పొలం బట్టల్లోనే మైదానానికి నడిచింది.

రింజిన్ అప్పుడే విల్లెత్తాడు.

"ఏమయ్యా అల్లుడూ, అంతేసి పొయ్యి ఎదురుగా ఉంటేనే కట్టె బయట పడేస్తావు. ఆ మూలనున్న చిన్న పలక నీకు కనిపిస్తోందా?"

మైదానమంతా గొల్లుమంది. రింజిన్‌కి నవ్వు ఆగలేదు, భుజాలు కదిలాయి. అయినా బాణం వెళ్లి పలకలో దిగబడింది. అవతలివాళ్లు పాట అందుకున్నారు.

యాంగ్దెన్ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చింది. "పుణ్యం పోయింది, పరువు పోయింది. పోనీ ఆయన గురైనా తప్పిందా అంటే అదీ లేదు. ఇప్పుడు నీకు ఏం సుఖం దక్కిందమ్మా?"

బిదా ఆయాసపడుతోంది. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని మరిచిపోయిన సొంత గొంతు ఇంకా చెవుల్లో మోగుతోంది. ఇది సుఖం కాదనేవాళ్లకి అసలు సుఖమంటే ఏమిటో తెలియదనుకుంది.

"తగిలితే వాళ్లు పాడతారు. అరవడం నా పని కదే," అంటూ మాల విప్పి కూతురి చేతిలో పెట్టింది. "ఇది కాసేపు నువ్వు తిప్పు. నాకు రెండు చేతులూ కావాలి."

గీత దగ్గరికొచ్చిన తరువాతి విలుకాడు ఆమెను చూసి, ఎత్తిన విల్లు దించాడు.