హిబినో వెనక ఎవరూ లేరు

హిబినో మసయుకికి దెయ్యం పట్టిందని రేవు వీధిలో పుట్టిన పుకారు ముందు తేల్చిపారేయాలి. నడుస్తూ నడుస్తూ చటుక్కున మెడ తిప్పి చూస్తాడట. సముద్రంలో పోయిన వాళ్ళ నాన్న పిలుస్తున్నాడట. ఇదంతా చేపల కొట్టు రియూకో పుణ్యం. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, నానినా తాటికాయై బయటికొస్తుంది.

అసలు సంగతి ఫుకుయోకి తెలుసు. బడి పక్కన ఆమెది ఓడెన్ కొట్టు. నల్లటి పులుసులో ముల్లంగి, గుడ్లు, చేప ముద్దలు ఉడికించి పుల్లలకు గుచ్చి అమ్ముతుంది. తన కుండలో ఉడికేదే కాదు, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో కూడా ఆమెకు కావాలి.

మసయుకి, ఊరందరికీ మసా, ఆ కొట్టు ముందే పెరిగాడు. ఆ ఊళ్ళో పిల్లలకు నడక కన్నా ముందు బంతి తన్నడం వస్తుంది. "బంతి వచ్చాక చూసేవాడూ గుడ్డివాడూ ఒకటే! రాకముందే రెండు పక్కలా చూడరా!" అని హైస్కూలు కోచ్ గొంతు చించుకునేవాడు. మిడ్‌ఫీల్డర్ అంటే మైదానం నడుమ ఆడేవాడు, ఏ దిక్కునుంచి ఎవడు మీద పడతాడో తెలియదు మరి. మెడ తిప్పడం మరిచిన రోజు మసాకి మైదానం చుట్టూ పరుగే శిక్ష.

ఆ మెడే అతనికి అన్నం పెట్టింది. పెద్ద జట్టులో పదమూడేళ్ళు ఆడాడు. గోల్ కొట్టినవాళ్ళ బొమ్మలు పేపర్లో పడేవి, బంతి అందించిన మసా వీపు మాత్రం ఓ మూలన కనిపించేది. ఫుకుయో ఆ వీపుల్నే కత్తిరించి కొట్టు గోడకు అంటించుకుంది. చివరి ఏడాది ఎవరిదో మోచెయ్యి కంటికి తగిలింది. ఆట మానేసి ఊరికొచ్చి, చిన్నపిల్లల బడి బస్సు నడుపుతున్నాడు.

"దెయ్యమూ లేదు, నీ మొహమూ లేదు. అది ఆటగాడి అలవాటే," అని ఫుకుయో రియూకోని దులిపేసింది. "మా మనవరాలు కొనత్సు వెళ్ళేది ఆ బస్సులోనే. భయముంటే పంపిస్తానా?"

"అలవాటైతే రెండు పక్కలా చూడాలిగా అత్తా? ఎప్పుడు చూసినా ఎడమకే తిరుగుతాడేం? వాళ్ళ నాన్న అటే నిలబడ్డాడేమో!"

ఫుకుయో చేతిలో గరిటె ఆగిపోయింది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర కాపు కాసింది. తలుపు ఎడమ పక్కే. పసుపు టోపీల పిల్లలు అటే ఎక్కుతారు, అటే దిగుతారు, దిగి ఆ చక్రాల పక్కనే గంతులేస్తారు. మసా కుడి పక్కను కంటి కొసతో చూసేశాడు. ఎడమకు మాత్రం భుజంతో సహా తిరిగాడు. తృప్తి కలగనట్టు మళ్ళీ మళ్ళీ తిరిగాడు. కొనత్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతోంటే ఫుకుయోకి తిరిగి ఊపడానికి చెయ్యి లేవలేదు.

సాయంత్రం మసా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఓడెన్ గిన్నె అందుకున్నాడు. కొనత్సు కుడి పక్కనుంచి బంతి తన్నింది. చూడకుండానే పాదంతో ఆపి వెనక్కి పంపాడు. ఈసారి ఎడమనుంచి తన్నింది. బంతి మోకాలికి తగిలేదాకా అతనికి తెలియలేదు. ఉలిక్కిపడితే ముల్లంగి ముక్క నేలపాలైంది.

"ముసలాడివైపోయావు మసా మామా!" కొనత్సు పకపకా నవ్వింది.

"అయిపోయానే తల్లీ," అని అతనూ నవ్వాడు. నవ్వుతూనే బంతి ఎటు పోయిందోనని అతను మెడ తిప్పి తిప్పి వెతుక్కోవడం ఫుకుయో చూసింది.

పిల్లను లోపలికి పంపి, చప్పుడు చేయకుండా అతని ఎడమ పక్కకొచ్చి నిలబడింది. కణత దగ్గర చెయ్యి ఆడించింది. అతను తన మానాన పులుసు ఊదుకుంటున్నాడు.

"మసా."

అదిరిపడ్డాడు. పులుసు ఒలికింది.

"నువ్వు నా కళ్ళముందు పెరిగినవాడివి, అందుకే అడుగుతున్నా. దాచకు నాయనా. ఈ పక్క నీకు కనిపిస్తోందా, లేదా?"

అతను గిన్నె కిందపెట్టాడు. మెడ పూర్తిగా తిప్పి ఆమె మొహం వెతుక్కున్నాడు. జేబులోంచి బస్సు తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ పొద్దున ఒక పసుపు టోపీ కనిపించలేదు పెద్దమ్మా. మూడోసారి తిరిగి చూస్తే చక్రం పక్కనే ఉంది. ఇది మీ దగ్గరే ఉంచండి. రేపు నేనొచ్చి బతిమాలినా ఇవ్వకండి."