మగ్గం గుంట మీద చెక్కలు

వెన్నుపూస ఆపరేషన్ చేయించి నన్ను ఇంటికి తెచ్చిన రోజు, మంచం మీద పడుకోబెట్టగానే మా ఆయన చేసిన మొదటి పని నా మగ్గం గుంట మీద చెక్కలు పరవడం.

మాది కొత్తవాడలో నేతిల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు, ఒకటి ఆయనది, ఒకటి నాది. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉండాలి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ముప్పై ఏళ్లు తొక్కాను. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు మాట్లాడటానికి మనిషి లేక ఆ మగ్గంతోనే మాట్లాడేదాన్ని. ఇప్పుడు మనుషులతో మాట్లాడినా మగ్గం మీద ఉన్నట్టే అరుస్తానని మా ఆయన ఫిర్యాదు.

నడుము నొప్పి మా వాడకట్టులో ఒక జబ్బు కింద లెక్క కాదు. లేదన్నవాడికి పని లేదని అర్థం. అందుకే నేనూ పట్టించుకోలేదు. జండూబాము రాసుకున్నాను, సూదులు వేయించుకున్నాను, ఒకాయన దగ్గర పసరు కట్టు కట్టించుకున్నాను. నొప్పి నడుము దాటి కుడి కాల్లోకి దిగింది. ఒకరోజు బజారుకు పోయి వస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచి, "అక్కా, నీ చెప్పు ఈడ్నే వున్నది" అన్నారు. చెప్పు ఊడిపోయి ఇరవై అడుగులు వెనకే ఉండిపోయింది. నా పాదానికి ఆ సంగతే తెలియలేదు. అప్పుడు భయపడ్డాను.

హన్మకొండలో పెద్ద దవాఖానాలో డాక్టరు స్కానింగ్ చూసి, నరం నలిగి చాలా కాలమైంది, ఆలస్యంగా వచ్చారన్నాడు. "జారిన డిస్కు తీసి స్క్రూలు బిగిస్తా. నొప్పి పోతది. పాదం తిరిగి వస్తుందో రాదో మాత్రం మాట ఇయ్యలేనమ్మా."

ఆయన అన్నట్టే నొప్పి పోయింది. పాదం రాలేదు. మంచం అంచు నుంచి తడిగుడ్డలా వేలాడుతూ ఉండేది. ఆ పాదాన్ని, ఆ చెక్కలను మార్చి మార్చి చూస్తూ మూడు రోజులు పడుకున్నాను. నాలుగో రోజు ఓపిక చచ్చింది.

"తియ్ ఆ చెక్కలు" అన్నాను.

"ఎందుకే, అండ్ల పడితే మళ్ల దవఖానకే పోవాలె. మొరం పోయించి పూడుస్త. నువ్వు నూలు కండెలు చుట్టుకుంట పైన కూసో" అన్నాడు మా ఆయన.

"ఆర్నెల్లు ఆగు. ఆలోపట కుడి కాలు తోటి కర్ర తొక్కి జానెడు బట్ట నేత్త. నెయ్యకపోతే పూడ్చుకో. నేనే మొరం ఎత్తి పోస్త."

"నేస్తే?"

అప్పుడే మా అక్క కంచం తెచ్చి నా ముందు పెట్టింది. పాత బియ్యపన్నం, దాని మీద వేయించిన వెల్లుల్లి కారం. దవాఖానాలోనూ అదే, ఇంటికొచ్చాకా అదే.

"నేస్తే ఈ పథ్యం పది రోజులు నువ్వు తినాలె" అన్నాను.

ఆయన కంచం వైపు చూసి సరేనన్నాడు.

మా అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆమే. రఘునాథపల్లి దగ్గర ఆమెకు నాలుగెకరాల పత్తి. ఏరే రోజుల్లో చేనునలా వదిలేసి నా కోసం వచ్చింది. కోత పడిన ఒంటికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి అని, పెరుగు వాతమని, వంకాయ దురద అని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతే ఏం ఖర్మ, మా వైపు ఏ ఇంట్లోనైనా ఇదే మాట. నేను పథ్యం తింటుంటే తన నోటికి రుచి తగలకూడదని తానూ అదే తినేది. అంత ప్రేమ ఎదురుగా కూర్చుని తింటుంటే వద్దని ఎలా చెప్తాం?

రెండు వారాలైనా కుట్ల చోట తడి ఆరలేదు. కట్టు మార్చడానికి పోతే అక్కడి నర్సమ్మ మూతి ముడిచి డాక్టరును పిలిచింది. ఆయన పుండు చూసి, "ఏం తింటున్నవమ్మా?" అని అడిగాడు. అక్క గర్వంగా పథ్యమంతా అప్పజెప్పింది. డాక్టరుకు కోపం వచ్చింది. "పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, మాంసం లేదు. పుండు దేనితో మానాలె? గోడ కట్టమని మేస్త్రీని పెట్టి ఇటుకలు దాచిపెట్టినట్టున్నది మీ కథ."

అక్క ముఖం మాడిపోయింది. నాకు ఒళ్లు మండింది. "మా అక్కను ఏమనకుండ్రి సార్. తప్పు ఆమె ఒక్కదానిది కాదు" అని, రొండిలో చెక్కుకున్న తంబాకు డబ్బీ తీసి ఆయన బల్ల మీద టక్కున పెట్టాను. ఆపరేషన్‌కు ముందు పొగాకు అలవాటుందా అని అడిగితే మా ఆయన లేదన్నాడు, పాపం ఆయనకు తెలియదు. నేను నోరు మెదపలేదు. ఇరవై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా దవడకు చిటికెడు పెట్టుకునేదాన్ని, ఆపరేషన్ తర్వాత కూడా దిండు కింద దాచి నములుతూనే ఉన్నాను. దొంగతనాలన్నిటిలోకీ నేను బాగా చేసింది అదే. మా ఆయన ఆ డబ్బీ వైపు చూసిన చూపు మాత్రం ఇంకా గుర్తుంది. ఇంట్లో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

డాక్టరు ఈసారి అరవలేదు. "స్క్రూలు నేను బిగించిన. ఎముకలు అతుక్కోవాల్సింది మాత్రం నీ ఒంట్లో. ఇది నములుతుంటే అతుక్కోవు" అన్నాడు. డబ్బీ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆటోలో అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నీ పుండు మాననియ్యనిది నేనేనా చెల్లె?" అంది. కాదక్కా అన్నాను, నమ్మలేదు. ఆ సాయంత్రం నుంచి వంటిల్లు తారుమారైంది. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రి పాలు, వారానికి రెండు సార్లు కోడికూర. పగ తీర్చుకుంటున్నట్టు వండింది. నేను తంబాకు మానిన మొదటి మూడు వారాలూ లవంగం బుగ్గన పెట్టుకుని ఇంటిల్లిపాదితో తగాదాలు పెట్టుకున్నాను. పాలు పోసే ఆయన గేటు బయట నుంచే పోసి పోయేవాడు. కానీ పుండు మానింది.

ఇక పాదం మిగిలింది. దానికోసం హసన్‌పర్తి నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చేది, కాళ్లకు కసరత్తు చేయించే అమ్మాయి. తువ్వాల నా పాదానికి ఉచ్చులా వేసి, "ఆంటీ, బొటనవేలు లేపు" అనేది. నేను పళ్లు బిగపట్టేదాన్ని. పైనుంచి ఉత్తర్వు బయల్దేరేది, కింద ఆఫీసులో ఎవరూ లేరు. "పర్వాలేదు, ఆర్డర్ వేస్తూనే ఉండు. రోజూ గల్లీ చివరిదాకా నడువు, రేపు ఇంకో గల్లీ" అనేది ఆ పిల్ల.

నడిచేదాన్నే, కానీ పరామర్శకు వచ్చేవాళ్లు నన్ను మంచానికి కట్టేశారు. మనిషి మంచం పట్టాడంటే చాలు, మావాళ్లకు రాకుండా ఉండటం మహాపాపం. వచ్చి ఊరకే ఉండటం అంతకంటే పాపం. బ్రెడ్డు పొట్లం, నాలుగు ఆపిల్ పండ్లు చేతిలో పెట్టి, మంచం పక్కన చతికిలబడి, వెన్నుపూస ఆపరేషన్‌తో పాడైపోయిన వాళ్ల కథ ఒకటి చెప్పి పోవాలి. మరిపెడ నుంచి మా ఆయన చిన్నమ్మ వచ్చి అందరినీ మించింది. "మా దిక్కు ఒకాయన గిట్లనే స్క్రూలు ఏపిచ్చుకున్నడే. లేసి నడిస్తే అవి లోపల్నే ఊడినయ్. ఇగ మంచాన పడ్డోడు పడ్డట్టే" అంది, నా ఆపిల్ కోసుకుని తింటూ.

నమ్మానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, నమ్మాను. నాలుగు రోజులు మంచం దిగలేదు. పక్కకు తిరిగినా లోపల ఏదో కదిలినట్టే ఉండేది. పోయిన నొప్పి తిరిగి వచ్చింది కూడా. ఐదో రోజు హసన్‌పర్తి పిల్ల సంగతి విని స్కూటీ తాళాలు మంచం మీద విసిరికొట్టింది. "స్క్రూలు నడిస్తే ఊడయ్ ఆంటీ. ఊడింది నీ ధైర్యం. ఆ ముసలామెను ఇంకోసారి రానియ్యకు."

రానివ్వకుండా ఎలా కుదురుతుంది? వరంగల్‌లో పరామర్శను ఆపిన మొనగాడు పుట్టలేదు. రాత్రంతా ఆలోచించి తెల్లారి అక్కకు చెప్పి, నా మంచం పక్కన ఉన్న రెండు కుర్చీలూ, ముక్కాలి పీట తీయించేశాను. ఎవరొచ్చినా కూర్చోవడానికి చోటు లేదు. "నన్ను చూడటానికి అచ్చినవా? మంచిది, నడువు. ముచ్చట నడుసుకుంట చెప్పు" అని నడుముకు బెల్టు బిగించి, చేతికర్ర పట్టుకుని వాళ్లను గల్లీలోకి తీసుకుపోయేదాన్ని.

మొదట నవ్వారు. బెల్టు కట్టుకుని, కుడి కాలు ఈడ్చుకుంటూ, ఊడిన చెప్పు మళ్లీ మళ్లీ తొడుక్కుంటూ, పక్కన ఒక చుట్టాన్ని వెంటేసుకుని రోజుకు మూడు నాలుగు సార్లు గల్లీ తిరుగుతుంటే నవ్వరా? నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. నేను కనిపెట్టిన గొప్ప సంగతి ఒకటుంది. నడుస్తున్న మనిషి చెడ్డ కథ చెప్పలేడు. గల్లీ సగానికి వచ్చేసరికి ఆయాసం వస్తుంది, కథ పట్టు తప్పుతుంది. చివరికి వచ్చేసరికి వాళ్ల మోకాళ్ల సంగతి, షుగర్ సంగతి మొదలవుతుంది, నేనే వాళ్లకు ధైర్యం చెప్పాల్సి వచ్చేది. పది రోజుల్లో గల్లీ దాటాం. నెలన్నరకు మెయిన్ రోడ్డు మీది టీ కొట్టు దాకా పోయాం. పరామర్శకు వచ్చిన వాళ్లలో కొందరు పరామర్శ అయిపోయినా రావడం మానలేదు. ఎదురింటి వదినకు షుగర్ తగ్గిందట.

నాలుగో నెలలో మరిపెడ చిన్నమ్మ మళ్లీ వచ్చింది. ఆమెను నడిపించాలని నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. గేటులోనే పట్టుకున్నాను. ఆమె వగర్చుకుంటూ నా వెనకాలే నడిచింది, నేను ఆగలేదు. టీ కొట్టు దగ్గర ఆమె నిలబడిపోయి నా కాళ్ల కేసి చూసింది.

"ఏమే, నీ చెప్పు ఊడుతలేదే?"

కిందికి చూశాను. కుడి చెప్పు నా పాదానికే ఉంది. ఇంటి నుంచి అక్కడిదాకా ఒక్కసారీ ఊడలేదు. బొటనవేలికి ఉత్తర్వు వేశాను. వేలు లేచింది. గోరంత లేచి, వణికి, దిగింది. మళ్లీ వేశాను, మళ్లీ లేచింది. రోడ్డు మధ్యలో ఆ ముసలామెను వాటేసుకుని ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే. తర్వాత ఆమే ఊరంతా చెప్పుకుంది, నన్ను నడిపించింది తానేనని. చెప్పుకోనీ.

ఆరో నెల నిండటానికి వారం ముందు డాక్టరు ఎక్స్‌రే లైటుకు ఎత్తి పట్టి, ఎముకలు అతుక్కున్నాయని చూపించాడు. రోజుకు అరగంట మగ్గం మీద కూర్చోవచ్చు, పది నిమిషాలకోసారి లేవాలి అన్నాడు. ఇంటికి రాగానే, నేను నడవడం మొదలయ్యాక తన ఊరికి వెళ్లిపోయిన అక్కకు ఫోన్ చేసి రమ్మన్నాను. సాక్షి లేకుండా పందెం గెలిచి ఏం లాభం?

అక్క వచ్చాక మా ఆయన చెక్కలు తీశాడు. ఆర్నెల్లు మూసిన గుంట, బూజు, బొద్దింకలు ఉంటాయని చీపురు పట్టుకుని నిలబడ్డాను. లోపల ఒక్క సాలీడు గూడు లేదు. అడుగు అలికి ఉంది. కుడి వైపు కర్రకు కొత్త తాడు, పాతదానికంటే వదులుగా కట్టి ఉంది, బలం లేని పాదం కూడా తొక్కగలిగేలా. మగ్గానికి ఎక్కించి ఉన్న నా పడుగు నూలు మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంది. మొరం పోయించి పూడుస్తానన్న మనిషి, నేను గల్లీలో తిరిగేటప్పుడు చెక్కలెత్తి గుంట ఊడ్చి, మళ్లీ మూసేవాడన్నమాట. ఆయన వైపు చూశాను. ఆయన తన మగ్గంలో తెగని పోగు ఏదో ముడివేస్తున్నాడు.

అక్క చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చుని కాళ్లు దించాను. ఎడమ కాలు తొక్కాను. తర్వాత కుడి కాలు. కర్ర దిగింది. పడుగు పోగులు రెండుగా విచ్చుకున్నాయి, వాటి మధ్య నుంచి దారం లాక్కుంటూ నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అరగంటలో జానెడు కంటే నాలుగు వేళ్లు ఎక్కువే నేశాను. అక్క తన చేత్తో కొలిచింది.

మరునాటి నుంచి మా ఆయన పథ్యం మొదలైంది. వెల్లుల్లి కారం, అన్నం. చెమటలు కక్కుతూ తిన్నాడు, ఒక్క పూటా మానలేదు. వడ్డించడానికి అక్క ఉండిపోయింది గానీ, ఆ కారం కంచంలో వేసేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. నా పుండు సంగతి ఆమె ఇంకా మరచిపోలేదు.

పదో రోజు మధ్యాహ్నం నాకు మనసాగలేదు. నా కంచంలోని రెండు గుడ్లలో ఒకటి తీసి ఆయన అన్నం మీద పెట్టాను.

ఆయన చేయి వెనక్కి తీసుకుని అక్క వైపు తిరిగి, "ఏం వదినే, గుడ్డు తింటే వేడి చేస్తదంటరు గదా?" అన్నాడు.

అక్క ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, "తిను మరిదీ, తిను, నువ్వు ఓడిపోయి బాగా సన్నబడ్డవ్" అని తన చేత్తో గుడ్డు చిదిపి అన్నంలో కలిపింది. ఆర్నెల్ల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నేను చేయి కడుక్కుని లేచాను. నా అరగంట ఇంకా మిగిలే ఉంది.