కుడి కంటికి అందే రక్తం

బాలమ్మ మూసిన కుడి రెప్ప మీద కల్పలత మళ్లీ జెల్ వేసింది. తన చిటికెన వేలిని ఆమె చెంప ఎముకకు ఆనించి, స్కానింగ్ ప్రోబ్ బరువు కంటిగుడ్డు మీద పడకుండా చేతిలోనే ఆపుకుంది. తెర మీద ఎర్రటి చుక్క మెరిసింది. దాని కింద రక్తప్రవాహం గీసే అలలు రెండు చక్కగా లేచాయి. మూడోది కూలబడింది.

"జెర కదలకు అవ్వా."

"నేనేడ గదులుతున్న? రాయి లెక్క పండుకున్న. నీ మిషనే గునుస్తున్నట్టుంది."

మోండా మార్కెట్లో కొత్తిమీర, కరివేపాకు అమ్ముకునే బాలమ్మకు మొన్నీమధ్య తెల్లవారి లేచేసరికి ఎడమ కన్ను చీకటైంది. లోపలి నాళం మూసుకుపోయిందన్నారు. మిగిలిన కంటికైనా రక్తం సరిగా అందుతోందా అన్నది డాక్టర్ హరికిషన్‌కు వెంటనే తెలియాలి. వైద్యమంతా దాన్నిబట్టే.

ఈ పని కల్పలతకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తన రెప్ప మీదే ప్రోబ్ పెట్టుకుని, కాస్త నొక్కినా లోపలి ప్రవాహం ఎలా తగ్గుతుందో చూసి చూసి చేయి తేలిక చేసుకుంది. అలాంటి చేతికి ఇవాళ ఏమొచ్చిందో తెలియక ఒళ్లు మండుతోంది. ప్రోబ్ తుడిచింది. కుర్చీ ఎత్తు మార్చింది. అల మళ్లీ కూలింది.

"అయిందా బిడ్డా? తలకాయ గిర్రున తిరుగుతున్నది" అని, బాలమ్మ గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది.

కల్పలత అప్పుడు గానీ తెర వదిలి మనిషిని చూడలేదు.

"అవ్వా! ఊపిరి ఆపుతున్నవా?"

"మరి? ఫోటో ఖరాబ్ గాదా? ఛాతి ఫోటో తీసినోళ్లు శ్వాస ఆపుమని ఎంత మొత్తుకున్నరు! నువ్వు అడగకముందే ఆపుతున్న. మెచ్చుకోక పరేషాన్ జేస్తవేంది?"

"అది ఛాతికి. ఇది కంటికి. అంగట్ల కూసున్నట్టే గాలి పీల్చు తల్లీ."

అలలు వరుసగా నిలబడ్డాయి. తిన్నగానే ఉన్నాయి, కానీ పొట్టిగా ఉన్నాయి, అంటే రక్తం తక్కువగా అందుతోంది. తప్పంతా ఊపిరిదే అయితే ఎంత బాగుండేది! కల్పలత ప్రోబ్ ఇంకా తేలిగ్గా పట్టి కొలిచింది. కోణం సరిచూసి మళ్లీ కొలిచింది. మార్పు లేదు. ఊపిరి బిగబట్టినప్పటి కొలతలన్నీ విసురుగా చెరిపేసింది.

"మంచిగున్నదా బిడ్డా?"

"సార్ చెప్తడు. బయట కూసో, యాడికి పోకు" అంటూ ఆమె రెప్ప మీది జెల్ మెత్తగా తుడిచింది.

పక్క గదిలోకి వెళ్లి, "సార్, కుడి కంటికి గూడ రక్తం తక్కువనే వస్తున్నది. మళ్లమళ్ల జూసిన. అవ్వను ఇంటికి పంపకుండ్రి" అని కొలతల కాగితం హరికిషన్ చేతికిచ్చింది.