రిలీవర్ రానిదే

చాలా ఏళ్ళ కిందట దేవసూగూరు నుంచి రాయచూరు వెళ్ళే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. థర్మల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడట. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయన అరచేతిలో ఒకేలాంటి తాళంచెవులు రెండున్నాయి.

"ఇవి మా ఇంటివే. ఒకటి నాది, ఇంకోటి నా దోస్తుది. నేను పోయినంక అన్ని ఆయనే చూడాలెనని వీలునామాల రాసిన. బీరువా తలుపు ఎట్ల ఎత్తి తియ్యాలె, ఎవరికి ఫోన్ చెయ్యాలె, అన్ని దగ్గరుండి చూపించిన. షిఫ్టు అప్పజెప్పినట్లు."

"మంచి పని చేశారు," అన్నాను.

"పోయిన నెల ఆయనే పోయిండు. ఇయ్యాల ఆయన భార్య ఈ తాళంచెవి వాపసిచ్చింది."

ప్లాంటు చిమ్నీలు వెనకబడేదాకా ఆయన కిటికీలోంచి వాటినే చూశాడు.

"మా ప్లాంట్ల రిలీవర్, అంటె తర్వాతి షిఫ్టాయన, వస్తెనే సీటు ఇడవాలె సారూ. రాకపోతె ఎంతసేపైనా కూసోవాల్సిందే."

తర్వాత నా వైపు తిరిగి, "మీకెంత వయసుంటది?" అని అడిగాడు. చెప్పాను, ఆయనకంటే చాలా చిన్నవాణ్ణి. తలూపి, రెండో తాళంచెవిని పిడికిట్లో మూసుకున్నాడు.

నాకిప్పుడు దాదాపు ఆయన వయసు. ఇంట్లో నేనొక్కడినే. ఈ మధ్య బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని వయసెంతని నేనూ అడుగుతున్నాను.